బెంగళూరు నుంచి క్లాట్: ముందు కాగితాలు, ఆ తర్వాత చదువు

జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి లా చదవాలన్న మాట ఇంట్లో రాగానే అందరూ అడిగేది "ఏ కోచింగ్ మంచిది?" అని. దానికంటే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒకటో తరగతి నుంచి ఇప్పటిదాకా ఏ తరగతి ఏ ఊళ్లో, ఏ బళ్లో చదివారో వరసగా రాయండి. పక్కన రాష్ట్రం పేరు రాయండి. బెంగళూరులో పెరిగిన తెలుగు పిల్లల విషయంలో మార్కులు తేల్చలేని సంగతిని కొన్నిసార్లు ఈ కాగితం తేలుస్తుంది.

నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌లో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ సీట్లలో 25 శాతం కర్ణాటక విద్యార్థులకు. ఇక్కడ సొంతిల్లు ఉందా, ఇంట్లో కన్నడ మాట్లాడతారా అన్నది ఎవరూ అడగరు. కర్ణాటకలోని గుర్తింపు పొందిన విద్యాసంస్థల్లో కనీసం 10 ఏళ్లు చదివి ఉండాలి, అంతే. జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ప్రతి కేటగిరీ లోపలా ఈ కోటా విడిగా ఉంటుంది. అంటే మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో ఒకటి నుంచి పది దాకా చదివిన తెలుగు పిల్లకి ఇది దక్కుతుంది. ఈ సంగతి తెలియక ఫారంలో "నో" కొట్టేసేవాళ్లు బోలెడు మంది.

ఇక చిక్కు ఎక్కడొస్తుందంటే, పదో తరగతి కాగానే ఇంటర్‌కి విజయవాడో హైదరాబాదో హాస్టల్‌కి పంపే మన అలవాటు దగ్గర. నాన్న ఉద్యోగం మారి మూడో తరగతిలో బెంగళూరు వచ్చిన పిల్లాడికి పది పూర్తయ్యేసరికి ఇక్కడ ఎనిమిదేళ్లే. పదకొండు, పన్నెండు కూడా ఇక్కడే చదివితే సరిగ్గా పది అవుతాయి. పంపేస్తే పోయాయి. పోనీ అక్కడైనా లోకల్ అవుతాడా అంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్థానికతకి మొదటి లెక్క అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదవడం. ఇంటర్ రెండేళ్లు దానికి చాలవు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. కాబట్టి ఇంటర్ ఎక్కడ అన్న నిర్ణయం తొమ్మిదో తరగతిలోనే, ఈ లెక్క ముందు పెట్టుకుని తీసుకోండి. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ సొంత రాష్ట్రం పిల్లలకి సీట్లు కేటాయిస్తాయి. వాటి నిబంధనలు వేరు, ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెరిచి చదువుకోవాలి.

లెక్క తేలాక స్టడీ సర్టిఫికెట్లు. చదివిన ప్రతి బడి నుంచీ విడివిడిగా, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని స్పష్టంగా రాయించుకోవాలి. "మా బళ్లో చదివాడు, నడవడి బాగుంది" అని రాసే కాండక్ట్ సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. కర్ణాటక ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి స్టడీ సర్టిఫికెట్ మీద బీఈవో (బ్లాక్ విద్యాధికారి) సంతకం అడుగుతూ వచ్చారు కనుక, ఇక్కడి బళ్ల ఆఫీసుల్లో ఆ ఫారం, ఆ పద్ధతి అందరికీ తెలుసు. అదే ఫారంలో తీసుకుని బీఈవో ఆఫీసులో సంతకం వేయించి పెట్టుకుంటే రెండు పనులకీ పనికొస్తుంది. మూతబడిన బడి అయితే వెళ్లాల్సింది కూడా బీఈవో ఆఫీసుకే. జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారాల్లో వెళ్లకండి, ఆఫీసులో ఎవరికీ తీరిక ఉండదు.

పేర్ల గొడవ

తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందొస్తుంది, ఫారాలకి వెనక కావాలి. బెంగళూరు బళ్లలో చేర్చేటప్పుడు చాలామంది పిల్ల పేరు రాసి, వెనక ఇంటిపేరు మొదటి అక్షరం తగిలిస్తారు. ఆధార్‌లో మాత్రం ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. కుల సర్టిఫికెట్‌లో మూడో రకం. ముగ్గురూ ఒకరేనని కౌన్సెలింగ్‌లో నిరూపించుకోవడం మీ తలనొప్పి అవుతుంది.

పదో తరగతి మార్కుల కార్డులో ఉన్న పేరే ఆధారం. దాన్ని మార్చడం కష్టం, మిగతావి దానికి తగ్గట్టు మార్చడం తేలిక. ముందు ఆధార్‌ని దానికి సరిపోయేలా సరిచేయించండి, తర్వాతే మిగతా సర్టిఫికెట్లకి దరఖాస్తు పెట్టండి. ఈ వరస తిరగేస్తే ప్రతిదీ రెండుసార్లు తీయాలి. క్లాట్ ఫారంలో కూడా అక్షరం పొల్లు పోకుండా పదో తరగతి పేరే రాయాలి. "వి" అని ఇనీషియల్ ఉంటే "వి" అనే, విడమరచకూడదు.

కులం సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. ఆంధ్రా బీసీ-బి, బీసీ-డి సర్టిఫికెట్, కర్ణాటక బీసీ కేటగిరీలైన 2ఎ, 3ఎ సర్టిఫికెట్, కేంద్ర ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్, ఇవి మూడూ మూడు వేర్వేరు కాగితాలు. అఖిల భారత ఓబీసీ సీటు అడిగేచోట కావాల్సింది మూడోది, కేంద్రం నమూనాలో ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. నాన్న సొంత రాష్ట్రం పేరు కింద మీ కులం ఉందో లేదో ముందే వెతకండి. ఈడబ్ల్యూఎస్ అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, సర్టిఫికెట్ ఏటా కొత్తది తీయాలి. ఇవన్నీ ఊళ్లో మీసేవలో పెట్టాల్సిన పనులైతే వేసవి సెలవుల్లోనే ముగించండి. దసరాకి వెళ్లి పెడితే ఫారం గడువు లోపల చేతికి రావడం అనుమానం. సంక్రాంతికి చూద్దాం అనుకుంటే పరీక్ష కూడా అయిపోయి ఉంటుంది.

ఏ పరీక్ష, ఎప్పుడు

క్లాట్ డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా జరుగుతూ వస్తోంది. ఫారాలు జులై, ఆగస్టుల్లో మొదలై అక్టోబరు దాకా ఉంటాయి. ఫీజు 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉంటే చాలు. రెండో ఏడాది చదువుతున్నవాళ్లూ రాయొచ్చు, వయసు పరిమితి లేదు. 20కి పైగా జాతీయ లా యూనివర్సిటీలకి ఇదొక్కటే పరీక్ష. ఢిల్లీ ఎన్‌ఎల్‌యూకి మాత్రం ఐలెట్ విడిగా రాయాలి. అది కూడా డిసెంబరులోనే, 150 ప్రశ్నలు, రెండు గంటలు. అందులో లాజికల్ రీజనింగ్ ఒక్కటే 70 ప్రశ్నలు, లెక్కల విభాగం లేదు.

క్లాట్ కుదరకపోతే లాసెట్, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల లా ప్రవేశ పరీక్ష. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకి మార్కు కోత లేదు, తెలుగులో కూడా రాయొచ్చు. అందులో 60 ప్రశ్నలు లా ఆప్టిట్యూడ్‌వి. రాజ్యాంగ అధికరణాలు, లా పదాల అర్థాలు సూటిగా అడుగుతారు. క్లాట్ చదువు దీనికి నేరుగా పనికిరాదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలయ్యాక విడిగా ఓ నెల పెట్టుకుంటే సరిపోతుంది. కర్ణాటక స్టేట్ లా యూనివర్సిటీ కింద ఉన్న బెంగళూరు కాలేజీల్లోనూ, చెన్నైలోని అంబేద్కర్ లా యూనివర్సిటీలోనూ ఐదేళ్ల కోర్సుకి పన్నెండో తరగతి మార్కులే ఆధారం. కాబట్టి డిసెంబరు దాకా బోర్డు పుస్తకాలు అటకెక్కించడం తెలివైన పని కాదు. డిగ్రీ అయిపోయినవాళ్లకి నేషనల్ లా స్కూల్‌లోనే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ 2022లో మొదలైంది. దానికి ఎన్‌ఎల్‌శాట్ అని వేరే పరీక్ష ఉంది, అందులో రాత జవాబులు కూడా ఉంటాయి.

పేపర్ అసలు ఏం అడుగుతుంది

క్లాట్ 2024 నుంచి 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ఒప్పుకి 1, తప్పుకి పావు కోత. ఇంగ్లీషు 22 నుంచి 26, కరెంట్ అఫైర్స్ 28 నుంచి 32, లీగల్ రీజనింగ్ 28 నుంచి 32, లాజికల్ 22 నుంచి 26, లెక్కలు 10 నుంచి 14. అన్నీ పాసేజీ చదివి జవాబు పెట్టాల్సినవే. అవెన్యూ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ గైడ్లు చవగ్గా దొరుకుతాయి కానీ 2020కి ముందు అచ్చయినవి కొనకండి. అప్పుడు 200 సూటి ప్రశ్నలు వచ్చేవి, ఇప్పుడా తరహా లేదు. 2020 నుంచి వచ్చిన పాత పేపర్లు, క్లాట్ నడిపే లా యూనివర్సిటీల కన్సార్టియం ఇచ్చే నమూనా పేపర్లు అంతకన్నా మేలు, పైగా ఉచితం.

ఒక లెక్క చూడండి. పాసేజీకి ఐదు ప్రశ్నలనుకుంటే 24 పాసేజీలు. ఒక్కోటి 450 మాటల దాకా. మొత్తం 10,800 మాటలు. నిమిషానికి 200 మాటలు చదివేవాళ్లకి చదవడానికే 54 నిమిషాలు పోతాయి, 120 ప్రశ్నలకి 66 నిమిషాలు మిగులుతాయి, ప్రశ్నకి 33 సెకన్లు. నిమిషానికి 150 మాటలే చదివితే ప్రశ్నకి 24 సెకన్లు. లెక్కల పాసేజీలు చిన్నవి కనుక కొంచెం వెసులుబాటు ఉంటుంది, అంతే. తెలివి చాలక కాదు, చదువు నెమ్మదై చాలామంది ఆగిపోతారు.

తెలుగు పిల్లల్లో ఈ నెమ్మదికి ఒక కారణం కనబడుతుంది: కన్ను ఇంగ్లీషు వాక్యం మీద, మనసు తెలుగు తర్జుమాలో. ఇది పోవాలంటే రోజుకి రెండు సంపాదకీయాలు, గడియారం పెట్టుకుని, 450 మాటలకి రెండుంపావు నిమిషాల చొప్పున చదవండి. వెనక్కి వెళ్లి మళ్లీ చదవడం నిషేధం. పేపరు మూసి, రచయిత ఏమంటున్నాడు, ఎవరిని కాదంటున్నాడు అన్నది తెలుగులోనే రెండు వాక్యాల్లో పైకి చెప్పండి. చదివేటప్పుడు తెలుగు వద్దు, చదివాక తెలుగు మంచిదే. చెప్పలేకపోతే చదవలేదనే లెక్క. తెలియని మాటలు మర్నాడు చూసుకోవచ్చు. అమ్మో నాన్నో ఎదురుగా కూర్చుని వింటే ఇంకా మేలు, వాళ్లకి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు.

లీగల్ రీజనింగ్‌లో లా తెలియక్కర్లేదు. తెలిసినట్టు ప్రవర్తిస్తేనే ముప్పు. ఒక ఉదాహరణ. పాసేజీలో రూలు ఇలా ఉందనుకోండి: ప్రతిపాదన పెట్టినవాడికి అంగీకారం తెలిపితేనే ఒప్పందం, జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే అని అతను షరతు పెట్టినా, మౌనం అంగీకారం కాదు. సంగతి: మారతహళ్లిలో ఇంటి ఓనరు అద్దెకున్నాయనకి వాట్సాప్ పెట్టాడు. "వచ్చే నెల నుంచి అద్దె 28,000. మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే." రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నాలుగో రోజు ఓనరు కొత్త అద్దె అడిగాడు.

ఆప్షన్లు: ఎ) ఇవ్వాలి, చదివాడని టిక్కులే సాక్ష్యం. బి) ఇవ్వక్కర్లేదు, అద్దె ఒప్పందం స్టాంపు పేపరు మీద ఉండాలి. సి) ఇవ్వక్కర్లేదు, అంగీకారం తెలపలేదు. డి) ఇవ్వాలి, ఆలోచించుకోవడానికి గడువిచ్చాడు.

ఎ ఎందుకు లాగుతుందంటే, టిక్కు రుజువు చేసేది ప్రతిపాదన చేరిందని, అంగీకారం చేరిందని కాదు. ఈ రెండింటినీ కలిపేయడమే ఎర. బి మరీ ప్రమాదం: జవాబు "ఇవ్వక్కర్లేదు" అని సరిగ్గానే ఉంది, కారణం మాత్రం బయటినుంచి తెచ్చింది. పాసేజీలో స్టాంపు పేపరు మాటే లేదు. జవాబు సి. వెంటనే వచ్చే ప్రశ్న సాధారణంగా సంగతిని కొంచెం తిప్పుతుంది: ఒకటో తారీఖున అద్దెకున్నాయన మాటాపలుకూ లేకుండా 28,000 పంపితే? చేతతో కూడా అంగీకారం తెలపొచ్చని పాసేజీలో ఎక్కడైనా ఉందా అని వెతకాలి. ఉంటే జవాబు తిరగబడుతుంది. అందుకే రూలు చదివేటప్పుడే "అయితే", "తప్ప", "మాత్రమే" అన్న అర్థం వచ్చే మాటల కింద గీత గీయడం అలవాటు చేసుకోవాలి. మార్కులు సమానమైనప్పుడు లీగల్ విభాగంలో ఎక్కువ వచ్చినవాళ్లకే పై ర్యాంకు ఇస్తారు, ఈ విభాగం మీద ఇంత పట్టు పట్టడానికి అదీ ఒక కారణం.

కరెంట్ అఫైర్స్‌లో పాసేజీ పేరుకే, జవాబులు చాలావరకు అందులో ఉండవు. ముందు ప్రశ్నలు చూసి, కావాలంటేనే పాసేజీలోకి వెళ్లండి. చదవడంలో వార్తకి ఒక పేజీ, పేజీకి ఐదు గళ్లు చాలు: ఏం జరిగింది, అంతకుముందు ఏముంది, ఏ చట్టం లేదా అధికరణం, ఎవరు కాదన్నారు, తర్వాత ఏమైంది. ఎస్సీ వర్గీకరణ తీసుకోండి. 2024 ఆగస్టు 1న స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1తో వర్గీకరణ చెల్లుతుందంది. అంతకుముందు 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీలు ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని కొట్టేశారు. వాదమంతా 341వ అధికరణం చుట్టూ. కాదన్నది జస్టిస్ బేలా త్రివేది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ అమల్లోకి తెచ్చింది, మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలు. మన ఇళ్లలో రోజూ నలిగే సంగతే కనుక ఇలాంటివి తేలిగ్గా గుర్తుంటాయి, వాటితో మొదలుపెట్టండి. నెలవారీ పీడీఎఫ్‌లు పోగేసుకోవడం చదవడం కాదు.

లెక్కలు పదో తరగతివే: శాతాలు, నిష్పత్తులు, సగటు, పట్టికలు. ఎంపీసీ పిల్లలకి ఇవి ఉత్తి పుణ్యానికి వచ్చే మార్కులు. వాళ్లు పోగొట్టుకునేది ఖచ్చితమైన జవాబు కోసం గుణకారం చివరిదాకా చేస్తూ కూర్చుని. ఆప్షన్లు దూరంగా ఉంటే ఉజ్జాయింపు చాలు.

మాక్‌లు, ఓఎంఆర్

మాక్‌లు, అంటే నమూనా పరీక్షలు, సెప్టెంబరు దాకా వారానికొకటి, అక్టోబరు, నవంబరుల్లో రెండు. ఆదివారం మధ్యాహ్నం 2కే కూర్చోండి. భోజనం తర్వాత మెదడు ఎలా పనిచేస్తుందో ముందే తెలియాలి కదా, పరీక్ష రోజు బిర్యానీ వద్దని ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. కోచింగ్ మాక్‌లు ఎక్కువగా తెర మీద ఉంటాయి, అసలు పరీక్ష కాగితం మీద. మూడింట రెండు మాక్‌లు ప్రింటు తీసి, జవాబుల గుండ్రాలు దిద్దే ఓఎంఆర్ షీటుతో, బాల్‌పెన్నుతో రాయండి.

ఓఎంఆర్‌లో జరిగే పెద్ద ప్రమాదం: 37 వదిలేసి, 38 జవాబుని 37లో దిద్దడం. అక్కడినుంచి వరసంతా తప్పు. చివర్లో అన్నీ ఒకేసారి దిద్దుదామనుకునేవాళ్లకి ఇది ఎక్కువ. పాసేజీ అయిపోగానే ఆ ఐదూ దిద్దేసి, ప్రశ్న నంబరు ఒకసారి పెదాల మీద అనుకుని ముందుకెళ్లాలి. సమయం సుమారుగా ఇలా పంచుకోవచ్చు: కరెంట్ అఫైర్స్ 15 నిమిషాలు, లీగల్ 38, లాజికల్ 30, ఇంగ్లీషు 22, లెక్కలు 12. మూడు నిమిషాలు మిగులుతాయి.

పావు కోతకి భయపడి ఖాళీలు వదిలేయడం ఇంకో పొరపాటు. నాలుగింట్లో ఒకటి కాదని తేలితే, మిగిలిన మూడింట్లో గుడ్డిగా పెట్టినా సగటున 0.17 మార్కు లాభం. రెండు తీసేయగలిగితే 0.375. ఏమీ తెలియకపోయినా సగటు 0.06, నష్టమైతే లేదు. ప్రశ్నని చదవనైనా చదవకుండా పెట్టడం వేరు, సందేహంతో పెట్టడం వేరు.

మాక్ రాయడం రెండు గంటలైతే విప్పి చూడటం నాలుగు గంటలు. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: సరిగా చదవలేదు, బయటి విషయం కలిపాను, చివరి రెండింట్లో తప్పింది, టైం లేదు. ఐదు మాక్‌ల తర్వాత ఏ గడి నిండిందో చూస్తే ఆ నెల ఏం చేయాలో తెలుస్తుంది. "సిల్లీ మిస్టేక్" అనే గడి పెట్టకండి, అన్నీ అందులోకే పోతాయి.

సెంటర్ ముందురోజే చూసి రండి. వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లకి పర్పుల్ లైను, ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకి 2025 ఆగస్టులో తెరిచిన ఎల్లో లైను ఉన్నాయి. ఆదివారమే కదా అని అవుటర్ రింగ్ రోడ్డుని నమ్ముకోవద్దు.

రాశాక

ప్రాథమిక జవాబుల కీ వచ్చాక అభ్యంతరాలకి ఒకటి రెండు రోజులే ఉంటాయి, ప్రశ్నకి 1,000 రూపాయలు. కోపంతో కాదు, పాసేజీలోని వాక్యం చూపించగలిగితేనే పెట్టండి. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్ష కీ మీద గొడవ ఢిల్లీ హైకోర్టు దాటి 2025 మేలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కౌన్సెలింగ్ నెలల తరబడి ఆగింది. అలాంటప్పుడు ఫలితం కోసం ఎదురుచూస్తూ బోర్డు పరీక్షలు పాడుచేసుకున్నవాళ్లకే అసలు నష్టం.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్ల వరస మీ ఇష్టం ప్రకారమే పెట్టండి. "వచ్చేది" పైన పెడితే గ్యారంటీ అనుకోవడం తప్పు, కంప్యూటరు పైనుంచి కిందికి చూస్తూ మీ ర్యాంకుకి అందిన మొదటిది ఇస్తుంది. సీటు వచ్చాక మూడు దారులు: ఫ్రీజ్ (ఇదే ఖాయం), ఫ్లోట్, ఎగ్జిట్ (తప్పుకోవడం). ఫ్లోట్ అంటే ఇది ఉంచుకుంటాను, పైది వస్తే మారతాను అని. మారాక పాతది తిరిగి రాదు. అందుకే చేతిలో ఉన్నదానికంటే పైన పెట్టిన ప్రతి కాలేజీ నిజంగా దానికంటే మీకు మేలేనా అని, ఫీజు, దూరం, హాస్టల్ చూసుకుని లిస్టు లాక్ చేయకముందే తేల్చుకోవాలి. డబ్బు కట్టే గడువు చిన్నది, మొత్తం పదివేలల్లో, లక్షల్లో ఉంటుంది. యూపీఐకి రోజువారీ పరిమితి ఉంటుంది, నెట్‌బ్యాంకింగ్‌లో కొత్తగా చేర్చిన ఖాతాలకి పంపడానికీ పరిమితి ఉంటుంది. నాన్న ఖాతాలో ఆ పరిమితి పెంచి, జాబితా వచ్చే ముందురోజే ఒక రూపాయి ఎక్కడికైనా పంపి చూసుకోండి.